'అంతంది' లేని మాట

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం నీ తాతతరం కాదన్నాడట. ఆ సామెత కట్టినవాడు ఒక్క గురువారం సాయంత్రం తులసమ్మ ఇంటికి వచ్చి ఉంటే సామెతని వెనక్కి తీసుకునేవాడు. ఆ ఇంట్లో వారం వారం శంఖం ఊదేది కూతురు, దాన్ని ముక్కముక్కా కొరికి రుచి చూసేది తల్లి.

తులసమ్మకి డెబ్బై రెండేళ్ళు. తాతల నాడు గంజాం నుంచి ఓడెక్కి వచ్చి రంగూన్ రేవులో బస్తాలు మోసిన కుటుంబం. భర్త ఆ రేవులోనే క్రేన్ నడిపి నడిపి, పదిహేనేళ్ళ కిందట కన్నుమూశాడు. మగపిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక్క కూతురు భానుప్రియ, ముప్ఫై ఎనిమిదేళ్ళది, సంచౌంగ్‌లో కళ్ళద్దాల షాపులో పని. పజుండౌంగ్ వాగు పక్క సందులో, రెండో అంతస్తులో తల్లీకూతుళ్ళిద్దరే ఉంటారు.

ఐదేళ్ళ కిందట తులసమ్మ చెవులు మొరాయించాయి. కుడిది పూర్తిగా పోయింది. ఎడమది పిలిస్తే పలుకుతుంది, అదీ గొంతు చించుకుని పిలిస్తే. మిషను కొని పెడితే, చెవిలో దోమ దూరినట్టుందని మూడో రోజే తీసి బియ్యం డబ్బాలో పడేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఒకప్పుడు బర్మీస్‌లో చేపలమ్మిని ఏడిపించి ఒప్పించేది. చెవులు పోయాక ఆ భాషంతా గలగలమని చప్పుడైపోయింది. తల్లి నేర్పిన తెలుగు మాత్రం సగం పెదాలు చూసి, సగం ఊహించి పట్టేస్తుంది. కాబట్టి టీవీలో ఎవరేమన్నా, భానుప్రియ ఆ ఎడమ చెవి పక్కన కూర్చుని తెలుగులో అరవాల్సిందే.

గురువారం ఏడింటికి 'ఆరో అంతస్తు' వస్తుంది. లిఫ్టు లేని పాత బిల్డింగులో అద్దెకుండేవాళ్ళ కథ. నవ్వులాట. ఈ ఊళ్ళో సగం కొంపలు అలాంటివే గనక, ఎవరి మెట్ల మీద జరిగే భాగోతం వాళ్ళే చూసుకున్నట్టుంటుంది. అందులో మ న్వే, అంటే న్వే అక్క, అని నలభై ఏళ్ళ కుట్టుపనావిడ ఉంది. నోరు ఆవిడ కత్తెర కంటే పదును. పెళ్ళి సంబంధాలు తెచ్చేవాళ్ళని ఆవిడ తరిమే తీరుకి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మ న్వే కనబడితే చాలు, తులసమ్మ ముందే నవ్వడం మొదలుపెట్టేది, మాట తర్వాత అందినా పరవాలేదని.

కరెంటు సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. తులసమ్మ ఇంట్లో బ్యాటరీ ఉంది కాబట్టి ప్రేక్షకులంతా అక్కడికే. పై అంతస్తు తాయారమ్మ చాప చంకన పెట్టుకుని దిగుతుంది. నీతులు చెప్పడంలో ఆవిడని మించినవాళ్ళు ఆ సందులో లేరు. తులసమ్మ తమ్ముడు జోగి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంటాడు. వీళ్ళకి బర్మీస్ బాగానే అర్థమవుతుంది కాబట్టి టీవీ వింటారు. భానుప్రియ అరుపు వినేది తులసమ్మ ఒక్కతే.

ఆ అరుపుకి ఒక పద్ధతుంది. ప్రతి మాట చివరా "అంతంది" అనో "అంతన్నాడు" అనో తోక తగిలించాలి. వాళ్ళ శ్రీకాకుళం, గంజాం వైపు మాటలో 'అంటోంది' అనడం అలా. "అద్దె కట్టనంటే కట్టను, అంతంది." "నీ మొగం అద్దంలో సూసుకో, అంతంది." ఒకసారి భానుప్రియ తోక మర్చిపోయి "ఇల్లు కాళీ సేసి పో" అని చెవిలో అరిస్తే, తులసమ్మ నిజంగానే లేచి నిలబడి, "ఏటే, నన్నా?" అంది కళ్ళనీళ్ళతో. ఆ దెబ్బతో భానుప్రియకి బుద్ధొచ్చింది. అన్నం మానేసినా తోక మానేది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బర్మీస్‌లో 'తూ' అంటే అతనూ అవుతాడు, ఆమె కూడా అవుతుంది. తెలుగుకి ఆ సదుపాయం లేదు. మనిషి గురించి నోరు విప్పితే మీసమో బొట్టో పెట్టి తీరాలి. మ న్వే రెండు నెలలుగా మాండలేలో ఉన్న తన 'తూ' గురించి చెబుతోంది. తూ నుంచి ఫోను, తూ కోసం ఎదురుచూపు, ఇలా. భానుప్రియ ఆలోచించకుండా దానికి మీసం పెట్టేసింది. "ఆడు ఫోన్ సేసినాడు, అంతంది." ఆడు అంటే వాళ్ళ యాసలో వాడు.

ఈ తప్పు ఊళ్ళో ఇంకెవరు చేసినా పోనీ అనుకోవచ్చు. భానుప్రియ చేయకూడదు. పదకొండేళ్ళుగా ఆమె మనసులో ఉన్న మనిషి కూడా ఆడమనిషే.

ఆ మనిషి పేరు సాండా. కళ్ళద్దాల షాపులో ముందు గదిలో భానుప్రియ కళ్ళు పరీక్ష చేస్తే, వెనక గదిలో సాండా అద్దాలు అరగదీస్తుంది. సంచౌంగ్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది. ప్రతి ఆదివారం పజుండౌంగ్ వచ్చి తులసమ్మకి తలంటి, చిక్కు తీసి, జడ వేసి పోతుంది. సాండా అంటే చంద్రుడు. తులసమ్మ నోట్లో పడి సంద్రమ్మ అయింది. చంద్రుడు పోయి సముద్రంలో పడ్డాడన్నమాట. పడ్డవాడు సుఖంగానే ఉన్నాడు, ఆ ముసలావిడ ఆ పిల్లని అంత ముద్దు చేసేది, కూతురి స్నేహితురాలని.

స్నేహితురాలని అనుకున్నన్నాళ్ళు గొడవ లేదు. కానీ ఈసారి జోగి ఒక సంబంధం పట్టుకొచ్చాడు. పబేడాన్‌లో స్టీలు సామాన్ల షాపు, పేరు భాస్కర్, మొదటి భార్య పోయింది, మనిషి నెమ్మది. అతనూ, అతని అక్కా ఆదివారం పది గంటలకి వచ్చి చూసిపోతారు. తులసమ్మ సరేనంది. భానుప్రియ దగ్గర సాకులన్నీ అయిపోయాయి. జాతకం, షాపు, అమ్మ చెవులు, అన్నీ వాడేసింది. నిజం చెబితే తల్లి దూరమవుతుందేమోనని భయం. చెప్పకపోతే సాండా దూరమవడం ఖాయం. నూతికీ గోతికీ మధ్య ఉన్న ఆ పిల్ల ఎప్పటిలాగే గురువారం ఏడింటికి తల్లి ఎడమ చెవి పక్కన కూర్చుంది.

ఆ రోజు ఎపిసోడ్‌లో ఇంటి యజమానురాలు దో సెయిన్ పుట్టినరోజు. పెద్ద బల్ల, చుట్టూ అద్దెవాళ్ళు, మధ్యలో చేపల పులుసు. ఎవరో అడిగారు, నీ మాండలే మనిషి ఎప్పుడొస్తాడు న్వే, ఈ జన్మలోనేనా అని. సీరియల్ వాళ్ళు వెనక వేసే నవ్వుల చప్పుడు వచ్చింది. మ న్వే కూడా నవ్వి, చెంచా కింద పెట్టి, లేచి వెళ్ళి తలుపు తీసింది. బయట ఒక అమ్మాయి నిలబడి ఉంది, చేతిలో సంచీతో, మెట్లెక్కిన ఆయాసంతో.

మళ్ళీ నవ్వుల చప్పుడు రావాలి. రాలేదు. ఆ సీరియల్ చూస్తున్న మూడేళ్ళలో నవ్వుల చప్పుడు ఆగడం భానుప్రియ మొదటిసారి విన్నది. ఆ నిశ్శబ్దంలో మ న్వే బల్ల వైపు తిరిగి చెప్పింది. ఆవిడ చెబుతూ ఉంటే తల్లి చెవిలో భానుప్రియ అరుస్తూ పోయింది.

"నాకు ఈ పిల్లంటే ఇష్టం. స్నేహం కాదు. ఇన్నేళ్ళూ నవ్వులాటాడి దాసినాను. మీరు నా సేతి అన్నం ముట్టరేమోనని బయం."

ఆగింది. తోక లేదు. 'అంతంది' నోట్లోనే ఉండిపోయింది.

తాయారమ్మ టీవీని చూస్తోంది. జోగి టీవీని చూస్తున్నాడు. తులసమ్మ మాత్రం తల తిప్పి కూతురి ముఖంలోకి చూసింది. చెవిటివాళ్ళు చూస్తే అలాగే చూస్తారు, కళ్ళతో వింటారు గనక.

"ఎవులే?" అంది తులసమ్మ గట్టిగా. "ఎవులంతన్నారే?"

అప్పుడు అందరూ తిరిగారు. భానుప్రియ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది. 'నేనే' అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది కూడా.

"మ న్వే, అమ్మా. టీవీలో మ న్వే అంతంది."

"ఔనా," అంది తులసమ్మ. టీవీ వైపు తిరిగింది.

టీవీలో దో సెయిన్ చాలాసేపు ఆ అమ్మాయిని చూసి, పక్కన కుర్చీ లాగి, కంచం జరిపింది. చిన్న మాటేదో అంది. "ఆ ముసిల్దేటందే?" అని తులసమ్మ అడిగింది. "తిను అంతంది," అని భానుప్రియ తోకతో సహా చెప్పింది.

ముందు తేరుకున్నది తాయారమ్మ. చాప చుట్టేసింది. "ఓలమ్మో, ఇయ్యేటి, సంసారులు సూసేవేనా? ఇన్నాళ్ళూ ఆడు ఆడు అని అరిసినావు కదే భానూ, ఇప్పుడు ఆడపిల్లంతన్నావు!"

జోగికి నవ్వాగలేదు. "ఆడు, ఆడ. ఒక్క కొమ్మే కదేటి తేడా! మా మేనగోడలు రెండు నెల్ల కిందటే సెప్పీసింది. మనకే ఇనపళ్ళేదు." తర్వాత నవ్వు ఆపుకుని, "అయినా ఆ న్వేకి సరైన సంబందం తగల్లేదు, అదీ సంగతి," అని తీర్పు చెప్పి చెప్పులేసుకున్నాడు. ఆదివారం పది గంటలని గుమ్మంలోంచి మళ్ళీ గుర్తుచేశాడు.

మర్నాడు షాపులో సాండా మొహం వెలిగిపోతోంది. వాళ్ళ హాస్టల్లో ఇరవై మంది ఒక ఫోను చుట్టూ చేరి చూశారట. దో సెయిన్ కుర్చీ లాగగానే పిల్లలంతా ఒక్కసారి కేకలు పెట్టారట. అప్పుడు వీధిలో కరెంటు లేదు. ఆ కేకలు విని ఎదురింటివాళ్ళు కరెంటొచ్చిందనుకుని "మీ లాబీ! మీ లాబీ!" అని అరిచారట. వెలుగొచ్చిందని అర్థం, కరెంటొస్తే ఈ ఊళ్ళో అందరూ అరిచే అరుపే అది. వీధి చివరి దాకా ఆ అరుపు పాకిందట, ఒక్క దీపం కూడా వెలక్కుండానే. సాండా నవ్వుతూ చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

"మీ అమ్మగారేమన్నారు?" అని అడిగింది తర్వాత.

భానుప్రియ జరిగింది జరిగినట్టు చెప్పింది. తోక మర్చిపోవడం, తల్లి అడగడం, తను మ న్వే మీదికి తోసేయడం. సాండా ఏమీ కోప్పడలేదు. చేతిలోని అద్దాన్ని గుడ్డతో తుడుస్తూ, "ఈ ఆదివారం నేను రాను," అంది. "వాళ్ళు నిన్ను చూడ్డానికొస్తారు. నేను అక్కడ ఎవరినని కూర్చోవాలి? ఆ తర్వాత ఆదివారాలు కూడా ఎందుకు రావాలో నాకు తెలియడం లేదు, మ భాను."

పదకొండేళ్ళలో సాండా ఇలాంటి ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఇక ఊరంతా మ న్వే గోలే. సీరియల్ వాళ్ళ పేజీలో ఎక్కడా లేని జనం చేరారు. ఒకరు ఇంక చూడనని ఒట్టేస్తే, ఇంకొకరు వాళ్ళ నాన్న టీవీ కట్టేసి, ఐదు నిమిషాలాగి తనే పెట్టాడని రాశారు. సీరియల్‌కి ప్రకటనలిచ్చే సబ్బు కొనొద్దని ఒకడు, రెండేసి కొనండని ఒకత్తె. వీధి చివర టీ కొట్టువాడు గొడవెందుకని ఫుట్‌బాల్ పెట్టేశాడు. బస్సులో వస్తూ భానుప్రియ అవన్నీ చదివింది. ప్రతి తిట్టూ తన చిరునామాకే వచ్చినట్టుంది. ప్రతి మంచి మాటకీ ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది. "చాలా కృతజ్ఞతలు" అని బర్మీస్‌లో రాసి, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని చెరిపేసింది.

ఇంటికొస్తే అక్కడా అదే. శనివారం పొద్దున్న వసారాలో తాయారమ్మ, తులసమ్మ పెసలు ఏరుతూ కూర్చున్నారు. తాయారమ్మ గొంతు సందులోకి వినిపిస్తోంది. ఎంతైనా తులసమ్మతో మాట్లాడాలంటే అంత గొంతు పెట్టాల్సిందే.

"నా కూతురైతేనా, గుమ్మం తొక్కనీను!"

"నీకు కూతురు నేదు కదే," అంది తులసమ్మ. "నేని కూతురికి గుమ్మమెందుకు మూత్తావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లోపల భానుప్రియ గరిటె జారవిడిచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తులసమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఒలే, ఆ న్వేకి తల్లుందా?"

"కతలో సూపించలేదమ్మా."

"ఉంటే, తల్లికి సెప్పకుండా అద్దెలు వసూలు సేసే ముసిల్దానికి సెప్తాదేటి?" తులసమ్మ ముద్ద కలుపుతూ ఆగింది. "నాకదే ఒళ్ళు మండింది. పిల్లకేటి ఇష్టమో పిల్ల ఇష్టం. తల్లేటి సచ్చిందా? తొమ్మిది నెల్లు మోసినదానికి ఒక్క మాట మొయ్యడం బరువా?"

భానుప్రియ కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఈ మాటలు మ న్వే తల్లి గురించా, తన తల్లి గురించా అని అడిగే ధైర్యం లేదు. అడగకుండా ఇంకో రాత్రి గడిపే ధైర్యం అంతకన్నా లేదు. రేపు పదింటికి వాళ్ళొస్తారు. సాండా రాదు.

సాయంత్రం నాలుగున్నరకి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, పంపులు ఆగాయి, బిల్డింగంతా చెవి రిక్కించినట్టు నిశ్శబ్దమైంది. తులసమ్మ కిటికీ దగ్గర కూర్చుని వత్తులు చేస్తోంది. భానుప్రియ వెళ్ళి ఎడమ చెవి పక్కన కూర్చుంది. అలవాటైన చోటే అది. ఈసారి ముందు టీవీ లేదు.

"అమ్మా," అంది మెల్లగా. "గురువారం ఆ మాట న్వేది కాదు. నాది."

"ఏటీ?"

"ఆ మాట నాదమ్మా."

"ఏటే? గట్టిగా సెప్పు."

లోకంలో అందరూ గుట్టు గుసగుసగా విప్పుకుంటారు. ఈ ఇంట్లో పుట్టిన పాపానికి భానుప్రియకి ఆ భాగ్యం కూడా లేదు. కళ్ళు మూసుకుంది. ఊపిరి నిండా పీల్చి, సందంతా వినేలా అరిచింది.

"నాకు సంద్రమ్మంటే ఇష్టం! స్నేహం కాదు! పదకొండేళ్ళ నుంచి! ఆ బాస్కర్ని నాను సేసుకోను!"

పై అంతస్తులో తాయారమ్మ రోటి చప్పుడు ఠక్కున ఆగిపోయింది. ఎదురింటి కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. కింద సైకిల్ రిక్షా అతను తెలుగు రాకపోయినా పైకి చూశాడు.

తులసమ్మ చేతిలోని దూది పక్కన పెట్టింది.

"ఎందుకలగ అరుత్తావు?" అంది. "నాకేటి సెవుడా?"

భానుప్రియకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

"గురువారమే ఇన్నాను," అంది తులసమ్మ. "నువ్వు అంతంది అన్నేదు. మూడేళ్ళలో ఒక్కపాలి నువ్వా మాట వదిలినప్పుడు నాకు దడుపొచ్చింది, మళ్ళీ మొన్ననే. నీ మొగం సూసినాను. అడిగినాను కూడానా. నువ్వు న్వే మీదికి తోసేసినావు. సరే, సెప్పుకుంటాదిలే అని రెండ్రోజులు సూసినాను. సెప్పవేమోనని బెంగెట్టుకున్నాను."

"కోపం రాలేదా?"

"వొచ్చింది. పదకొండేళ్ళు దాసినావని వొచ్చింది. ఇంకా ఉంది, ఎక్కడికి పోద్ది?" తులసమ్మ చీర కొంగుతో కూతురి మొహం తుడిచింది, పసిపిల్లకి తుడిచినట్టు మొరటుగా. "నాకివన్నీ సరిగ్గా అర్దమవవు భానూ. నాను పెరిగినప్పుడు ఇలాటి మాట ఇన్నేదు. కానీ టీవీలో ఆ పరాయి ముసిల్దే కంచం జరిపి తినమంటే, కన్నదాన్ని నాను నిన్ను పస్తు పడుకోబెడతానేటి? దానికన్నా తక్కువదాన్నా నాను?"

భానుప్రియ తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ శరీరం ఆ చిన్న ఒళ్ళో పట్టలేదు. అయినా పెట్టుకుంది. ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఆ బల్ల, ఆ పులుసు, ఆ ఒక్క మాట 'తిను' రాసినవాళ్ళెవరో ఆమెకి తెలియదు. నవ్వుల చప్పుడు అక్కడ వద్దు అన్నదెవరో తెలియదు. వాళ్ళెవరైనా సరే, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంది. దీపాలు పెట్టే వేళకి ఫోను తీసి, నిన్న చెరిపేసిన రెండు మాటలూ మళ్ళీ రాసింది. కింద తన పూర్తి పేరు కూడా పెట్టింది.

ఆదివారం తొమ్మిదింటికే జోగి దిగాడు, ఇస్త్రీ చొక్కాలో. తులసమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఆ సంబందం మాకొద్దని సెప్పీరా."

"అప్పా! మాటిచ్చినాను! పదింటికి వొత్తారు!"

"ఇచ్చినోడివి నువ్వు. కావాలంటే నువ్వే సేసుకో."

జోగి అక్క వైపు చూశాడు, మేనకోడలి వైపు చూశాడు, నిన్నటి అరుపు ఆయన చెవి దాకా వచ్చే ఉంటుంది, ఆ సందులో ఏ మాటకైనా కాళ్ళుంటాయి. చాలాసేపు మెడ వెనక గోక్కున్నాడు. "నా పరువు గంగలో కలిపినారు తల్లీకూతుళ్ళు," అన్నాడు చివరికి. మెట్లు నాలుగు దిగి, మళ్ళీ ఆగి, "ఆళ్ళకి నీకు ఒంట్లో బాగుండలేదని సెప్తాలే భానూ," అన్నాడు.

"ఒంట్లో బాగుందనే సెప్పు మావా," అంది భానుప్రియ. "మనసు లేదని సెప్పు."

జోగి సణుక్కుంటూ పోయాడు. భానుప్రియ బస్సెక్కి సంచౌంగ్ వెళ్ళింది. హాస్టల్ మెట్ల మీద సాండాకి ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంది, తీరా అక్కడికి వెళ్ళాక, "అమ్మ పిలుస్తోంది. తలంటాలట," అని మాత్రం అనగలిగింది. సాండా ఆమె మొహం చూసింది. చెప్పులేసుకుంది.

పన్నెండయ్యేసరికి వసారాలో తులసమ్మ పీట మీద కూర్చుని ఉంది, తడి జుట్టు వీపంతా పరుచుకుని. వెనక సాండా చిక్కు తీస్తోంది. తులసమ్మ అప్పటిదాకా ఆమెతో ఆ సంగతేదీ ఎత్తలేదు. నూనె ఎక్కువైందని రెండుసార్లు, దువ్వెన మాడుకి గుచ్చుకుందని ఒకసారి విసుక్కుంది. వారం వారం ఉండేదే. భానుప్రియ గుమ్మానికి ఆనుకుని నిలబడి వాళ్ళిద్దర్నీ చూస్తోంది.

తాయారమ్మ దిగింది. చేతిలో ఊరగాయ గిన్నె ఉంది గాని, ఆవిడ వచ్చింది దాని కోసం కాదని గిన్నెకి కూడా తెలుసు. నడుం మీద చెయ్యి పెట్టుకుని సాండాని కిందికీ పైకీ చూసింది.

"ఏటి తులసమ్మా, నిన్న ఏటో ఇన్నాను. ఈ బర్మా పిల్ల నీకేటవుద్దేటి ఇంతకీ?"

భానుప్రియ తల్లి వైపు చూసింది. స్నేహితురాలు అంటుంది. తెలిసిన పిల్ల అంటుంది. అన్నా తప్పులేదు, సందులో బతకాలి కదా అనుకుంది.

"కోడలు," అంది తులసమ్మ.

"కోడలా! నీకు కొడుకులేరీ?"

"కొడుకులు నేరు." తులసమ్మ తల కదపకుండా, అందరికీ వినబడే గొంతుతో అంది. చెవిటివాళ్ళ గొంతు ఎప్పుడూ అందరికీ వినబడుతుంది. "కొడుకు నేకపోయినా నాకు కోడలొచ్చింది. దేవుడు సల్లగా సూసినాడు నన్ను. నీకు ఇంట్లో కొడుకున్నాడు, కోడలుంది. నీ తల మీద ఎన్నడైనా సెయ్యేసిందేటి అది?"

తాయారమ్మ గిన్నె కింద పెట్టి, వెనక్కి తిరిగి మెట్లెక్కడం మొదలుపెట్టింది. రెండో మలుపు దగ్గర ఆగి, "గురువారం సాప పట్టుకొత్తాను. సోటుంచు," అని అరిచింది.

సాండాకి తెలుగు పది మాటలకి మించి రాదు. గొంతుల్లోని వేడి మాత్రం అర్థమైంది. తనని గురించేనని కూడా తెలిసింది. దువ్వెన పట్టుకునే భానుప్రియ వైపు భయంగా చూసి, బర్మీస్‌లో అడిగింది. "అమ్మగారు నన్నేమన్నారు? కోడలు అంటే ఏమిటి?"

మూడేళ్ళు వారం వారం మాటలు మార్చి చెప్పిన మనిషికి ఆ ఒక్క మాట మార్చడానికి నోరు పెగల్లేదు. గుమ్మాన్ని పట్టుకుంది.

"చ్వేమ," అంది. "నువ్వు ఆవిడ చ్వేమవట."

సాండా కళ్ళ నిండా నీళ్ళు చేరి, చెంపల మీదుగా దిగి, ముసలావిడ తడి జుట్టులో పడ్డాయి. జుట్టు ఎలాగూ తడిదే కాబట్టి తులసమ్మకి అవేమీ తెలియలేదు. తెలిసిందల్లా దువ్వెన ఆగిపోయిందని.

"ఏటమ్మీ ఆగిపోనావు?" అంది. "దువ్వు. ఇంకా సగం తలుంది."